గడ్డకట్టే నీళ్లలో చేప ఎంజైము: బందులు వదులు, పట్టు కాస్త తక్కువ

ఎంఎస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్న ఒకరి ప్రశ్న ఇది: "అంటార్కిటికా చేపలు మైనస్ 1.9 డిగ్రీల నీళ్లలో ఏడాది పొడవునా తిరుగుతాయి. చలికి ఎంజైములు మందగిస్తాయని మనం చదువుకున్నాం. మరి వాటి ఎంజైముల్లో ఏం మారింది? యాక్టివ్ సైటే వేరా? ఇక్కడ దొరికే చేపలతో ఇందులో కొంతైనా ల్యాబులో చూపించగలమా?"

ముందు సూటిగా జవాబు. యాక్టివ్ సైటు, అంటే ఎంజైము అణువులో పని జరిగే చోటు, మారలేదు. దాని పక్కన ఉండి, పని జరిగేటప్పుడు కదిలే భాగాలు వదులయ్యాయి. అందువల్ల చలిలో కూడా ఎంజైము వేగంగా తెరుచుకుని మూసుకోగలుగుతోంది. దానికి చెల్లించే మూల్యం, సబ్‌స్ట్రేటు (ఎంజైము మార్చే పదార్థం) మీద పట్టు తగ్గడం. ఆ తగ్గుదల సున్నా డిగ్రీల దగ్గర ఇబ్బంది పెట్టదు, నీళ్లు వేడెక్కితే బయటపడుతుంది. ల్యాబులో చూపించడం సాధ్యమే. అయితే వేగం ఒక్కటే కొలిస్తే సగం కథే తెలుస్తుంది, కేఎం (ఎంజైము తన గరిష్ఠ వేగంలో సగం అందుకోవడానికి కావలసిన సబ్‌స్ట్రేటు మోతాదు; ఇది ఎక్కువైతే పట్టు తక్కువ) కూడా కొలవాలి.

తలుపుతో పోల్చి చూడండి. బందులు వదులైన తలుపు వేలితో తోసినా ఊగుతుంది, కానీ గడియ ఒక్కోసారి రంధ్రంలో సరిగ్గా పడదు. బిగువైన తలుపుకు గడియ చక్కగా పడుతుంది, తెరవడానికే బలం కావాలి. చలిలో ఆ బలం, అంటే అణువుల ఉష్ణశక్తి, తక్కువ. కాబట్టి ధ్రువ ప్రాంతపు చేపకు వదులు బందులే నయం.

ఎంత దెబ్బ తగులుతుందో లెక్క

పది డిగ్రీలు తగ్గితే ఎంజైము వేగం రెండో వంతుకో మూడో వంతుకో పడిపోతుందని క్యూటెన్ లెక్క. 37 నుంచి సున్నాకు దిగితే రెండు చొప్పున దాదాపు 13 రెట్లు, మూడు చొప్పున దాదాపు 58 రెట్లు మందగించాలి. ఈ లోటును చేప మూడు దారుల్లో పూడ్చుకోవచ్చు: ఎంజైమును ఎక్కువ మోతాదులో తయారుచేసుకోవడం, ఒక్కో అణువు సామర్థ్యాన్నే పెంచుకోవడం, లేదా బతుకు వేగాన్నే కొంత తగ్గించుకోవడం. నిజానికి మూడూ కలిసే జరుగుతాయి. రక్తంలో హీమోగ్లోబిన్ లేని ఐస్‌ఫిష్ ఎర్ర కండరంలో కణం ఘనపరిమాణంలో సగం దాకా మైటోకాండ్రియాలే (ఎంజైములతో నిండి శక్తి తయారుచేసే భాగాలు) ఉండటం మొదటి దారికి గుర్తుంచుకోదగ్గ ఉదాహరణ. కాకపోతే కండరంలో జాగా అపరిమితం కాదు. 50 రెట్ల లోటును మోతాదు పెంచి పూడ్చలేం. అందుకే రెండో దారి, కేక్యాట్ (ఒక్కో ఎంజైము అణువు సెకనుకు చేసే పని) పెంచుకునే దారి, ముఖ్యమవుతుంది.

కేక్యాట్ పెరగడానికి ఎంత మార్పు కావాలో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర వేగం ఐదు రెట్లు పెరగాలనుకుందాం. ఆక్టివేషన్ స్వేచ్ఛాశక్తి, అంటే చర్య జరగడానికి దాటాల్సిన శక్తి గట్టు, ఎంత తగ్గాలి? 8.314 × 273 × 5 సహజ లాగరిథం, అంటే మోలుకు దాదాపు 3.65 కిలోజౌళ్లు. ప్రొటీనులో ఒకే ఒక్క హైడ్రోజన్ బంధం ఇచ్చే స్థిరత్వం కూడా ఇంచుమించు ఈ స్థాయిదే. అంటే వందల అమైనో ఆమ్లాల గొలుసులో ఒకటి రెండు చోట్ల మార్పు చాలు. "ధ్రువపు చేప ఎంజైము పూర్తిగా వేరే నమూనా అయి ఉండాలి" అన్న ఊహ ఇక్కడే వీగిపోతుంది.

రుజువు ఎక్కడుంది

ఈ విషయంలో అన్నిటికంటే వివరంగా శోధించిన ఎంజైము, పైరువేట్‌ను లాక్టేట్‌గా మార్చే కండరాల లాక్టేట్ డీహైడ్రోజినేజ్, ఏ4 రకం ఎల్‌డీహెచ్. పీటర్ ఫీల్డ్స్, జార్జ్ సొమెరో 1998లో ప్రచురించిన పరిశోధనలో నోటోథెనియాయిడ్ అనే చేపల వర్గం నుంచి తొమ్మిది అంటార్కిటిక్ జాతుల్నీ, మూడు దక్షిణ అమెరికా జాతుల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. మొదటివి మైనస్ 1.86 నుంచి 1 డిగ్రీ మధ్య, రెండోవి 4 నుంచి 10 డిగ్రీల మధ్య బతికేవి. ఒకే వంశం, వేరు వేరు చలి, కాబట్టి పోలికకు బాగా కుదిరింది.

వాళ్లకు దొరికిన నాలుగు ఫలితాలను విడివిడిగా గుర్తుపెట్టుకోండి, పరీక్షలో కలగాపులగం అయ్యేది ఇక్కడే. అంటార్కిటిక్ జాతుల ఎల్‌డీహెచ్‌కు కేక్యాట్ ఎక్కువ, కేఎం కూడా ఎక్కువ. యాక్టివ్ సైటులోని అమైనో ఆమ్లాలు అన్ని జాతుల్లోనూ ఒక్కటే. ఒకే ప్రాంతపు జాతుల్లో ఒకే రకమైన వేగం, పట్టు వేరు వేరు మార్పుల ద్వారా వచ్చాయి. ఇక నాలుగోది: వేడికి ఎంజైము చెడిపోయే వేగానికీ, చేప బతికే చలికీ సంబంధం కనబడలేదు.

ఈ నాలుగోదాన్ని చాలామంది పట్టించుకోరు. "చలికి అలవాటుపడిన ఎంజైము మొత్తంగా మెత్తబడి ఉంటుంది, కాబట్టి వేడికి తొందరగా విడిపోతుంది" అని పాఠాల్లో చెబుతారు. కొన్ని ఎంజైముల విషయంలో అది నిజమే. అట్లాంటిక్ కాడ్ చేప నుంచి తీసిన యూరసిల్ డీఎన్‌ఏ గ్లైకోసిలేజ్ 55 డిగ్రీలకే శాశ్వతంగా చచ్చిపోతుంది. ఆ బలహీనతే పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు తీసే పద్ధతి) చేసేవాళ్లకు వరమైంది: పాత రియాక్షన్ల నుంచి చేరిన యూరసిల్ ఉన్న డీఎన్‌ఏను ముందుగా నరికించి, ఆపైన కొద్దిపాటి వేడితో ఎంజైమును పూర్తిగా తొలగించుకోవచ్చు. ఈ.కోలై నుంచి తీసిన రకం వేడి చేశాక కూడా కొంత కోలుకుని కొత్త డీఎన్‌ఏను కొరుకుతుంది. అయితే ఎల్‌డీహెచ్ అలా కాదు. దానిలో మెత్తదనం మొత్తం అణువులో లేదు, కొన్ని చిన్న చోట్లలోనే ఉంది.

ఏ చోట్లు అవి? పైరువేట్ వచ్చి కూర్చున్నాక ఎల్‌డీహెచ్‌లో ఒక లూప్ (గొలుసులో వంగిన భాగం) మూతలా దాని మీదికి వాలుతుంది, దానితోపాటు పక్కనున్న హెలిక్సులు (గొలుసులో సర్పిలంగా చుట్టుకున్న భాగాలు) కొద్దిగా జరుగుతాయి. ఈ ఎంజైముకు అన్నిటికన్నా నిదానంగా నడిచే అంచె రసాయన మార్పు కాదు, ఈ మూత కదలడమే. కాబట్టి మూతను పట్టి ఉంచే హెలిక్సుల్లో, వాటి కీళ్లలో అమైనో ఆమ్లం మారితే వేగం మారుతుంది. యాక్టివ్ సైటులోని హిస్టిడిన్‌ను, ఆర్జినిన్‌లను ముట్టుకోనక్కర్లేదు. ముట్టుకుంటే పనే ఆగిపోతుంది కూడా. ఉష్ణ సముద్రాల్లో, సమశీతోష్ణ సముద్రాల్లో తిరిగే క్రోమిస్ డాంసెల్ చేపల్లో కూడా ఇదే సూత్రం కనిపించింది. అక్కడ 219వ స్థానంలో థ్రియోనిన్ స్థానంలో అలనిన్ రావడం ఒక్కటే ఎల్‌డీహెచ్ స్వభావాన్ని మార్చేసింది. అవి ధ్రువపు చేపలు కావు, అయినా బందుల సూత్రం అదే.

పట్టు ఎందుకు తగ్గుతుంది

వదులైన ఎంజైము ఒకే ఆకారంలో నిలబడదు, చాలా ఆకారాల మధ్య ఊగిసలాడుతుంది. అందులో కొన్ని ఆకారాలు సబ్‌స్ట్రేటును సరిగ్గా పట్టుకోలేవు. ఆ ఆకారాల్లో గడిపే సమయం పెరిగేకొద్దీ కేఎం పెరుగుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే ఊగిసలాట ఇంకా ఎక్కువవుతుంది, కేఎం కూడా వేగంగా పైకి పోతుంది.

వెన్నెముక ఉన్న జంతువుల ఏ4 ఎల్‌డీహెచ్‌లను ఒక్కోదాన్ని దాని సొంత శరీర ఉష్ణోగ్రత దగ్గర కొలిస్తే పైరువేట్ కేఎం ఇంచుమించు ఒకే మేరలో, 0.2, 0.3 మిల్లీమోలార్ ప్రాంతంలో ఉంటుంది. అంటార్కిటిక్ చేపదీ అంతే, కానీ సున్నా దగ్గర మాత్రమే. దాన్నే 20 డిగ్రీల దగ్గర కొలిస్తే చాలా ఎక్కువ వస్తుంది. ఎంత నష్టమో ఒక ఊహాత్మక లెక్క: కణంలో పైరువేట్ 0.2 మిల్లీమోలార్ ఉందనుకోండి. కేఎం కూడా 0.2 అయితే ఎంజైము తన గరిష్ఠ వేగంలో సగంతో పనిచేస్తుంది. కేఎం 0.6కు పెరిగితే నాలుగో వంతుతోనే.

ఆక్టివేషన్ ఎంథాల్పీ (గట్టు దాటడానికి కావలసిన ఉష్ణశక్తి), ఎంట్రోపీ (క్రమం ఎంత తప్పిందో చెప్పే లెక్క) గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చలి ఎంజైముల్లో ఎంథాల్పీ తక్కువగా ఉంటుంది, చలిలో వేగం పెద్దగా పడిపోకపోవడానికి కారణం అదే. కానీ ఎంథాల్పీ ఒక్కటే మోలుకు 10 కిలోజౌళ్లు తగ్గి, ఇంకేమీ మారకపోతే, సున్నా దగ్గర వేగం 80 రెట్లకు పైగా పెరగాలి. నిజంగా కనిపించేది కొన్ని రెట్లే. మిగతాదంతా ఎంట్రోపీ మింగేస్తుంది: వదులుగా ఊగే ఎంజైమును పని జరిగే ఒక్క ఆకారంలోకి తెచ్చి నిలపాలంటే ఎక్కువ క్రమం తేవాలి, దానికి ఖర్చవుతుంది. గ్రాఫులో ఎంథాల్పీ తగ్గిందని చూసి "ఇంత లాభం" అని రాసేవాళ్లు ఈ ఖర్చును మరిచిపోతున్నారు.

ఇక ల్యాబు సంగతి

అంటార్కిటిక్ చేప మనకు దొరకదు. చల్లటి నీళ్ల చేపగా హిమాచల్, కాశ్మీర్‌లలో పెంచే రెయిన్‌బో ట్రౌట్ గానీ, పెద్ద సూపర్‌మార్కెట్లలో దొరికే సాల్మన్ గానీ తీసుకోండి. వేడి నీళ్ల చేపగా కొర్రమీను మంచిది, మన ఊళ్లలో ప్రాణంతోనే అమ్ముతారు కాబట్టి కండరం తాజాగా దొరుకుతుంది. శీలావతి అయినా పనికొస్తుంది. సాల్మన్ చాలా రోజులు మామూలు ఫ్రీజరులో పడి ఉన్నదైతే ఎంజైము కొంత పోయి ఉంటుంది. అప్పుడు గ్రాముకు ఎంత వేగం అన్న పోలిక పనికిరాదు, కేఎం పోలిక మాత్రం చాలావరకు నిలబడుతుంది.

తెల్ల కండరమే తీసుకోండి. చేప పక్క గీత వెంబడి, చర్మం కింద ముదురు రంగులో ఉండే పట్టీని కోసి పారేయాలి. అది ఎర్ర కండరం, అందులో వేరే రకం ఎల్‌డీహెచ్‌లు కలిసి వస్తాయి. (సాల్మన్ మాంసం నారింజ రంగులో ఉన్నా అది తెల్ల కండరమే, ఆ రంగు తిండి నుంచి వచ్చింది.) సాల్మన్, ట్రౌట్‌లలో ఎల్‌డీహెచ్ జన్యువులకు నకళ్లున్నాయి, కాబట్టి మీకొచ్చేది ఒక మిశ్రమపు కేఎం అని రిపోర్టులో రాయండి. నేటివ్ జెల్ మీద లాక్టేట్, ఎన్ఏడీ, రంగు పదార్థాలతో మరక వేస్తే ఎన్ని రకాలున్నాయో కంటికి కనబడుతుంది.

ఒక గ్రాము కండరాన్ని కత్తెరతో సన్నగా తరిగి, 9 మిల్లీలీటర్ల మంచు చల్లటి బఫరులో, ఐసు మీదే, 20 సెకన్ల చొప్పున ఆగి ఆగి నలపండి. ఆపకుండా తిప్పితే గొట్టం వేడెక్కుతుంది. 4 డిగ్రీల దగ్గర 12,000 జీ వేగంలో సెంట్రిఫ్యూజులో 20 నిమిషాలు తిప్పి, పైన తేరిన ద్రవాన్ని తీసుకోండి. చేప తెల్ల కండరంలో ఎల్‌డీహెచ్ విపరీతంగా ఉంటుంది. పలచన చేయకుండా కలిపితే రీడింగు గీత కొన్ని సెకన్లలోనే కింద పడిపోతుంది. 20 నుంచి 50 రెట్లు పలచన చేయండి. ఉత్త బఫరుతో కాక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము బీఎస్ఏ (ఆవు రక్తపు ప్రొటీను) కలిపిన బఫరుతో చేయాలి, లేకపోతే ఎంజైము గొట్టం గోడలకు అంటుకుని తగ్గుతూ పోతుంది. నిమిషానికి 0.05 నుంచి 0.1 దాకా అబ్సార్బెన్సు (ద్రావణం పీల్చే కాంతి కొలత; పైరువేట్‌తోపాటు ఎన్ఏడీహెచ్ ఖర్చయ్యేకొద్దీ ఇది తగ్గుతుంది) తగ్గితే సరైన పలచన.

అసే (వేగం కొలిచే పరీక్ష) మిశ్రమం: 80 మిల్లీమోలార్ ఇమిడజోల్ క్లోరైడ్, 20 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.0, ఎన్ఏడీహెచ్ 150 మైక్రోమోలార్, పైరువేట్ 0.05, 0.1, 0.2, 0.4, 0.8, 1.6 మిల్లీమోలార్. కొలిచేది 340 నానోమీటర్ల దగ్గర. మొదలెట్టేటప్పుడు అబ్సార్బెన్సు 0.93 ప్రాంతంలో ఉండాలి. చాలా తక్కువుంటే ఎన్ఏడీహెచ్ పాడైంది, వేరేది కలపండి. పైరువేట్ ఏ రోజుకారోజు కలుపుకోవాలి. నిల్వ ద్రావణంలో అణువులు జంటలుగా అతుక్కుంటాయి, ఆ జంటలు ఎల్‌డీహెచ్‌ను అడ్డుకుంటాయి. పైరువేట్ మరీ ఎక్కువ వేసినా వేగం తగ్గుతుంది, ఆ బిందువులను కేఎం లెక్కలోకి తీసుకోకండి.

ఇమిడజోలే ఎందుకు? చేప కణంలో చలి పెరిగేకొద్దీ పీహెచ్ కొద్దికొద్దిగా పైకి పోతుంది, డిగ్రీకి దాదాపు 0.017 చొప్పున. అలా పోతేనే ప్రొటీన్లలోని హిస్టిడిన్‌ల చార్జి మారకుండా ఉంటుంది. హిస్టిడిన్ పక్క గొలుసు కూడా ఇమిడజోలే కాబట్టి ఇమిడజోల్ బఫరు దానంతటదే అదే దారిలో, డిగ్రీకి 0.02 చొప్పున కదులుతుంది. ఒకసారి 20 డిగ్రీల దగ్గర సరిచేసి వదిలేయండి, సున్నా దగ్గర 7.4 చేరుతుంది. మళ్లీ 7.0కు దించకూడదు. ఫాస్ఫేట్ బఫరు దాదాపు కదలదు, ట్రిస్ మరీ ఎక్కువ కదులుతుంది. ఫాస్ఫేట్‌లో కొలిచి "పీహెచ్ స్థిరంగా ఉంచాం" అని రాసేవాళ్లు నిజానికి చేపకు లేని పరిస్థితిని సృష్టించారు, చలిలో వచ్చే కేఎం దానితో తప్పుతుంది.

ఉష్ణోగ్రతలు 5, 10, 15, 20, 25, 30 పెట్టుకోండి. సున్నా దాకా వెళ్లాలంటే సర్క్యులేటరులో నీళ్లు సరిపోవు, ఇథిలీన్ గ్లైకాల్ కలపాలి. సర్క్యులేటరు మీద చూపించే అంకెను నమ్మొద్దు. సన్నటి థర్మోకపుల్‌ను క్యువెట్ (కాంతి గుండా పోయే చిన్న కొలత పాత్ర) లోపలే ముంచి చూడండి, రెండు మూడు డిగ్రీలు ఎక్కువుండటం మామూలే. మిశ్రమాన్ని ముందే చల్లబరచి, క్యువెట్‌లో పోశాక కనీసం ఐదు నిమిషాలు ఆగాలి.

మన దగ్గర ఈ ప్రయోగం చెడేది ఎక్కువగా తేమ వల్ల. కాకినాడలోనో విశాఖలోనో ఉక్క రోజుల్లో 20 డిగ్రీల క్యువెట్ మీద కూడా ఆవిరి పడుతుంది. క్యువెట్ ముఖం మసకబారితే అబ్సార్బెన్సు పైకి పోతుంది, తగ్గాల్సిన గీత పెరుగుతూ కనబడుతుంది. పొడి నైట్రోజన్ లేదా పొడి గాలిని క్యువెట్ అర వైపు సన్నగా వదలండి. అది లేకపోతే సిలికా జెల్ పొట్లాలు అరలో పెట్టి, ఏసీ గదిలో, 10 డిగ్రీల కంటే కిందికి వెళ్లకుండా చేయండి. ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా ఎంజైము లేని ఖాళీ రీడింగు మూడు నిమిషాలు తీయాలి. ఆ గీత చదునుగా లేకపోతే ఆ రోజు అంకెలు పారేయండి.

రావాల్సిన ధోరణి: ఒకే ఉష్ణోగ్రత దగ్గర చల్లటి నీళ్ల చేప కేఎం కొర్రమీను కేఎం కంటే ఎక్కువుండాలి. 10 డిగ్రీల దగ్గర ట్రౌట్‌ది, 30 దగ్గర కొర్రమీనుది మాత్రం దగ్గరదగ్గరగా రావాలి. అది కనబడిందంటే ప్రయోగం పండినట్టే. కేక్యాట్ చెప్పాలంటే ఇది చాలదు. ఎంజైమును ఆక్సమేట్ కాలం మీద శుద్ధి చేసి, ఎంత ప్రొటీను ఉందో కొలవాలి. ముడి ద్రవంలో గ్రాముకు వచ్చిన వేగంలో ఎంజైము మోతాదు, నాణ్యత రెండూ కలిసిపోయి ఉంటాయి, దాన్ని కేక్యాట్ అనకూడదు.

తరచూ జరిగే మూడు పొరపాట్లు

ఒకటి, ఆప్టిమమ్ గ్రాఫు. అంటార్కిటిక్ చేప ఎల్‌డీహెచ్‌ను ఎక్కువ పైరువేట్‌తో వేడి చేస్తూ పోతే సున్నా దాటాక కూడా వేగం పెరుగుతూనే ఉంటుంది. దాన్ని చూసి "ఈ ఎంజైము చలికి అలవాటుపడలేదు" అనకండి. కణంలో పైరువేట్ అంత ఉండదు. అలవాటు కనబడేది తక్కువ సబ్‌స్ట్రేటు దగ్గరే.

రెండు, చేప చావునూ ఎంజైము విడిపోవడాన్నీ ఒకటిగా చూడటం. మెక్‌మర్డో సౌండ్‌లోని ట్రెమటోమస్ చేపలు 6 డిగ్రీల ప్రాంతంలోనే చచ్చిపోతాయని సొమెరో, ఆర్థర్ డెవ్రీస్ 1967లో చూపించారు. ఆ వేడికి ఎల్‌డీహెచ్‌కు ఏమీ కాదు. పట్టు తప్పడం, కణాల పొరలు అతిగా పలచబడటం, నాడీ పనులు గతి తప్పడం లాంటివి ప్రొటీను విడిపోవడానికి చాలా ముందే మొదలవుతాయి. ఇంకో విశేషం, ట్రెమటోమస్ బెర్నాకీలో వేడి తగిలినప్పుడు హీట్ షాక్ ప్రొటీన్లను (మిగతా ప్రొటీన్లు సరిగ్గా మడతపడేందుకు సాయపడేవి) పెంచుకునే స్పందనే లేదు, అవి అందులో ఎప్పుడూ తయారవుతూనే ఉంటాయి. చలిలో ప్రొటీన్లు సరిగ్గా మడతపడటమే కష్టం కాబట్టి ఆ సాయం రోజూ అవసరమని అర్థం చేసుకోవచ్చు.

మూడు, యాంటీఫ్రీజ్ ప్రొటీన్లను ఎంజైముల కింద రాసేయడం. అవి ఎంజైములు కావు. మంచు పలుకులకు అంటుకుని వాటిని పెరగనివ్వవు, అంతే. కానీ రెంటికీ చుట్టరికం ఉంది: నోటోథెనియాయిడ్‌ల యాంటీఫ్రీజ్ గ్లైకోప్రొటీన్ జన్యువు, జీర్ణ ఎంజైమైన ట్రిప్సిన్ తాలూకు ట్రిప్సినోజెన్ జన్యువు నుంచి పుట్టిందని 1997లో తేలింది. ఆర్కిటిక్ కాడ్‌లో దాదాపు ఇలాంటి ప్రొటీనే ఉన్నా దాని పుట్టుక వేరు. యాంటీఫ్రీజ్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, ఎంజైములను వేగవంతం చేయదు. ఆ పని ఇందాకటి వదులు బందులదే.

మీకు ఒక్క రోజే సమయం ఉంటే, రెండు చేపలు, మూడు ఉష్ణోగ్రతలు (10, 20, 30), ఆరు పైరువేట్ మోతాదులు, ఒక్కోటి మూడుసార్లు చేయండి. మొత్తం 108 రీడింగులు. పొద్దున్నే 10తో మొదలుపెట్టి పైకి వెళ్లండి.